రూలు చెక్కిన కారు

స్పోర్ట్స్ కారు అంత అందంగా ఎందుకుంటుందని అడిగితే కంపెనీల వాళ్లు గాలి గురించి, చిరుతపులి గురించి, డిజైనరుకు స్నానం చేస్తుండగా తట్టిన వంపు గురించి చెబుతారు. నమ్మకండి. ఆ కారును గీసేది ఒక పుస్తకం. పోటీ నడిపేవాళ్లు అచ్చేసి పంపే రూల్సు పుస్తకం. అందులో బొమ్మలు తక్కువ, "కూడదు" అన్న మాట ఎక్కువ. ఇంజనీరింగు చివరి సంవత్సరమంతా ఆ పుస్తకాన్ని చంకన పెట్టుకుని తిరిగినదాన్ని కాబట్టి ఈ మాట కొంచెం పొగరుగానే చెప్పగలను.

మా కాలేజీ ప్రొద్దుటూరు దగ్గర. మెకానికల్ బ్రాంచిలో మా సెక్షనుకంతా నేనొక్కదాన్నే ఆడపిల్లను. కాలేజీకి ఒక రేసు కారు జట్టు ఉండేది. అట్లాంటి జట్లన్నీ ఏటా ఒంటి సీటు రేసు కారు సొంతంగా తయారు చేసుకుని తమిళనాడులో ఒక ట్రాకు దగ్గరికి తీసుకుపోవాలి. అక్కడ తనిఖీలో నెగ్గితేనే కారును పరుగెత్తనిస్తారు. నేను మొదటి సంవత్సరంలోనే జట్టులో చేరాను. చేరగానే ఫోటోలు తీసే బాధ్యత అప్పగించారు. రెండో సంవత్సరం టీషర్టుల మీద అక్షరదోషాలు చూశాను. మూడో సంవత్సరం పదోన్నతి వచ్చి, కారుకు కొబ్బరికాయ కొట్టేటప్పుడు పళ్లెం పట్టుకున్నాను. స్పానరు అడిగితే "నీకెందుకులే, చేతులు పాడైతాయి" అనేవాళ్లు. చాలా మర్యాదస్తులు.

నాకు మాత్రం ఒకే ఒక కోరిక ఉండేది. ఆ కారులో కూర్చుని ఆ ట్రాకు మీద ఒక్క చుట్టు తిరగాలి. కప్పులూ మెడల్సూ ఎవరికైనా ఇచ్చుకోనీ, నాకు ఒక్క చుట్టు చాలు. బయటికి చెబితే నవ్వుతారని మూడేళ్లు ఎవరితోనూ అనలేదు.

చివరి సంవత్సరం మొదట్లో మా కెప్టెన్ ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీ ఇంగ్లీషు బాగుంటాది గదా. సదివి, ముఖ్యమైనవి ఏమన్నా ఉంటే మాకు చెప్పు" అన్నాడు. వందకు పైగా పేజీలున్న పుస్తకంలో ముఖ్యమైనవి రెండో మూడో ఉంటాయని అతని నమ్మకం. అందులో ప్రతి వాక్యమూ కారులో ఏదో ఒక ముక్కను కోసేదేనని నాకు మొదటి పది పేజీల్లోనే తెలిసిపోయింది.

కెప్టెన్ అప్పటికే కారు బొమ్మ గీసుకున్నాడు. గద్దముక్కు, వెనక తలుపంత రెక్క, నేలను రాసుకుంటూ పోయే ఒళ్లు. అదే బొమ్మ అతని ఫోను తెర మీద, హాస్టలు గోడ మీద కూడా ఉండేది. నేను పుస్తకం తెరిచాను. ముక్కు మొనదేలకూడదు, ఎవరికైనా తగిలితే గుచ్చుకుంటుంది. గద్దముక్కు పోయి గుండ్రటి మూతి వచ్చింది. రెక్క ఫలానా ఎత్తు దాటకూడదు, ఫలానా వెడల్పు దాటకూడదు. తలుపు కాస్తా కిటికీ రెక్క అయింది. బండి బోల్తా పడితే డ్రైవరు తల నలగకుండా ముందొకటి, వెనకొకటి ఇనుప కమానులుండాలి, వెనకది తలకన్నా ఎత్తుండాలి. నేలను రాసుకునే ఒళ్లు నడుమెత్తి కూర్చుంది. సాయంత్రానికి ఆ బొమ్మలో మిగిలింది నాలుగు చక్రాల నీళ్ల తొట్టి. వాళ్ల తాతల ఆస్తి నేను రాయించుకున్నట్టు చూశాడు కెప్టెన్ నన్ను.

ఇంజను సంగతి ఇంకా బాగుంటుంది. పెద్ద బైకు ఇంజను పెట్టుకోండి, మాకేం అభ్యంతరం లేదు అంటుంది పుస్తకం. కాకపోతే అది పీల్చే గాలంతా కొత్త రూపాయి బిళ్లంత రంధ్రంలోంచే పోవాలి. పహిల్వానును పిలిపించి, ముక్కుకు గుడ్డ కట్టి పరుగెత్తమనడం లాంటిది. అసలు చదువంతా అక్కడే ఉంది. ఆ రంధ్రం దాటాక గొట్టం ఎంత నిదానంగా వెడల్పు కావాలి, దాని వెనక గాలి నిలవుండే డబ్బా ఎంతుండాలి అని మావాళ్లు నెలల తరబడి జుట్టు పీక్కున్నారు. ఆ డబ్బాకు చోటు కోసం కారు వీపు ఉబ్బింది. చూసినవాళ్లు "వెనక ఆ వంపు భలే ఉందే" అంటే, కెప్టెన్ కాలరు సర్దుకుని "అది మన స్టైలప్పా" అనేవాడు.

పెద్ద కంపెనీల కథ కూడా ఇదే, ఏసీ గదుల్లో జరుగుతుంది, అంతే తేడా. జనానికి అమ్మే కారునే రేసుకు తేవాలని ఒకప్పుడు రూలు పెట్టారు. వాళ్లేం చేశారు? ముందు రేసు కారు తయారు చేసుకున్నారు, దానికి నంబరు ప్లేటు బిగించారు, రూలు అడిగినన్ని మాత్రం అమ్మి, ఇదిగో జనం కారు అన్నారు. సామాన్లకు చోటుండాలంటే ఒక్క పెట్టె పట్టే సందు చూపించారు. కారు అడుగు చదునుగా ఉండాలంటే, రూలు ప్రకారం అడుగు ఎక్కడితో అయిపోతుందో కొలిచి, ఆ గీత దాటగానే తోక పైకెత్తారు. ఆ తోకను చూసే డబ్బున్నవాళ్లు మనసు పారేసుకుంటారు. రూలు వద్దన్నదాన్ని కోసెయ్యడం, వద్దనడం మరిచిపోయిన చోట బుర్రంతా పెట్టడం, దీన్నే హై పర్ఫార్మెన్స్ అంటారని నాకు ఆ ఏడాది అర్థమైంది.

నన్ను డ్రైవరును చేసింది కూడా రూలే, మావాళ్ల విశాల హృదయం కాదు. బరువు తగ్గించాలని సీటు గుంతను రూలు ఒప్పుకున్నంత చిన్నగా గీసి, అసలు పని మొదలుపెట్టేముందు ప్లాస్టిక్ పైపులతో నమూనా కట్టారు. తీరా చూస్తే, రెండు కమానుల మీదుగా దారం లాగితే డ్రైవరు హెల్మెట్ ఆ దారానికి బాగా కిందనే ఉండాలట. కెప్టెన్ కూర్చుంటే హెల్మెట్ దారాన్ని ఎత్తి పట్టుకుంది. ఇంకొకడికి హెల్మెట్ సరిపోయింది, మోకాళ్లు స్టీరింగు కింద ఇరుక్కున్నాయి. మరొక రూలు ప్రకారం బెల్టులన్నీ విప్పుకుని ఐదు సెకన్లలో బయటపడాలి. మూడోవాడు ఐదు సెకన్లలో బెల్టు బకిలు ఎక్కడుందో కనుక్కున్నాడు. తమ చేత్తో తామే గీసిన కారులో తమలో ఒక్కడూ పట్టడని తెలిసినా, మళ్లీ మొదటినుంచీ గీసే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఆఖరికి ఎవరో నసుగుతూ "ఆ పాపను కూసోబెట్టి సూద్దామా" అన్నారు. నేను కూర్చున్నాను. నాలుగు సెకన్లలో బయట నిలబడ్డాను.

సంతోషం బయటపడకూడదని పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

కారు ఎముకల గూడు తయారైంది కాలేజీలో కాదు, జమ్మలమడుగు రోడ్డులో ఒక వెల్డింగు షెడ్డులో. షెడ్డాయన్ను అందరం మామా అనేవాళ్లం. అరవై దాటిన మనిషి. ట్రాక్టరుకు తగిలించే నీళ్ల ట్యాంకర్లు చేసేవాడు. ఎండాకాలం పులివెందుల వైపు చీనీ, అంటే బత్తాయి, తోటలు చాలావరకు ఆ ట్యాంకర్ల నీళ్లతోనే బతుకుతాయి. ఆయన పద్ధతి ఒకటుండేది. ట్యాంకరు షెడ్డు దాటే ముందు నిండా నీళ్లు నింపి, సుద్దముక్క పట్టుకుని చుట్టూ తిరిగి, చెమ్మ కనిపించిన ప్రతి చోటా గుర్తు పెట్టేవాడు. నీళ్లు వదిలేశాక ఆ గుర్తులన్నీ వెల్డు చేసి, నునుపుగా అరగదీసి, పైన రంగేసేవాడు. దానికి ఎవరినీ అడిగేది లేదు, ఎవరికీ చెప్పేది లేదు. "బొక్కతో నా షెడ్డు దాటిన బండి ఇంతవరకూ లేదు పాపా" అని నాతోనే ఒకసారి అన్నాడు.

మొదటిరోజు మేం తెచ్చిన పైపును వేలితో కొట్టి చూశాడు.

"ఏందప్పా ఇది, సైకిలుకా?"

"కారుకు మామా" అన్నాడు కెప్టెన్.

"దీంట్లో కూసోనేది ఎవరు?"

నన్ను చూపించారు. ఆయన నన్నూ పైపునూ మార్చి మార్చి చూశాడు. "పాపను సంపేదానికి ఇంత కష్టం యాలప్పా? ఇంతకు రెండింతల మందం పైపు నా కాడుండాది, ఏసిస్తా."

"అట్ల కుదరదు మామా. రూల్సుండాయి. అవన్నీ శానా పెద్ద లెక్కలు, నీకు చెప్పినా తలకాయనొప్పే."

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత ఒక నెల రోజులు అదే షెడ్డులో, బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని పుస్తకం చూసి కొలతలు చదివేదాన్ని. ఇక్కడ ఇంత పొడవు, అక్కడ ఇంత వంపు, ఈ కమాను ఒకే పైపుతో రావాలి, మధ్యలో అతుకు ఉండకూడదు. మామ ఒక్కసారి విని, చెప్పినట్టే దించేవాడు. అంత సన్నటి పైపును కాల్చిపెట్టకుండా అతికే చెయ్యి ప్రొద్దుటూరులో మరొకటి లేదు.

కారు కదిలాక పరీక్షకు జమ్మలమడుగు అవతల ఒక ప్లాట్ల వెంచరు దొరికింది. నున్నటి తారు రోడ్లు, రోడ్డుకో పేరు, స్వాగత తోరణం, పార్కు అని రాసిన బోర్డు. ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. ఆ ఊరికి జనాభా మేమూ, ఒక గొర్రెల మందా. గండికోట చూడ్డానికి పోయేవాళ్లు తోరణం దగ్గర కార్లు ఆపి, దిగి, మాతో సెల్ఫీలు తీసుకునేవాళ్లు. అక్కడే ఆరేడు రోజులు నేను తోలడం నేర్చుకున్నాను. మలుపులో కారు వీపు జారుతుంటే స్టీరింగు ఎదురు తిప్పి పట్టుకునేదాన్ని. ఇంకొన్నాళ్లలో ఇదే పని అసలైన ట్రాకు మీద చేస్తానని తలుచుకుంటే తిండి సహించేది కాదు.

పోటీకి రెండు వారాల ముందు పుస్తకం మళ్లీ మొదటినుంచీ చదివాను. వెనక కమానుకు ఒక చిన్న రంధ్రం ఉండాలన్న రూలు అప్పుడు కంటబడింది. పెసరగింజంత రంధ్రం. అందులోంచి కొలిచి, పైపు మందం మేం ముందే పంపిన కాగితాల్లో రాసినంతే ఉందా, బరువు తగ్గించుకోవడానికి పలచటిది వేశారా అని చూస్తారు. కాలేజీలోనే డ్రిల్లుతో రంధ్రం పెట్టించాను. నా జాబితాలో టిక్కు పెట్టుకున్నాను.

ఆ వారం ఇంటికి పోయాను. మా ఊరు పులివెందులకు దగ్గర. మా నాయనకు చీనీ తోట కన్నా ఎద్దులంటే ప్రాణం, బండలాగుడు పోటీలకు తోలుకుపోతాడు. ఆ పోటీల్లో ఎద్దుల్ని పళ్లను బట్టి విడదీస్తారు. రెండు పళ్లవి ఒక జట్టు, నాలుగు పళ్లవి ఇంకొకటి. అందుకని ఒళ్లు త్వరగా పెరిగి పళ్లు ఆలస్యంగా వచ్చే కోడెల కోసం జనం జిల్లాలు దాటి వెతుకుతారు. రూలు ఎద్దును కూడా చెక్కుతుందన్నమాట. కారు ఎట్లుందని నాయన అడిగితే ఆ రంధ్రం గురించి చెప్పాను.

"అంటే మేం ఎద్దు నోరు తెరిపించి పండ్లు సూసినట్ల, వాళ్లు ఆ బొక్కలోనుంచి పైపును సూస్తారు" అన్నాడు.

"అంతే నాయనా."

"మంచి రూలే. లేకుంటే నాలుగు పండ్లదాన్ని తెచ్చి రెండు పండ్లదంటారు నా కొడుకులు."

నాకు రెండు వాక్యాలు పట్టాయి, ఆయనకు ఒకటి చాలింది.

పోటీకి మూడు రోజుల ముందు కారును రంగు కోసం మామ షెడ్డులో వదిలిపెట్టాం. బయల్దేరే పొద్దున టెంపో తీసుకుని పోయేసరికి కారు నల్లగా, కొత్త పెళ్లికొడుకు బూట్లలాగా మెరిసిపోతోంది. మామ పక్కన నిలబడి గడ్డం నిమురుకుంటున్నాడు. "అంతా ఒకసారి సూసి, సిల్లర మల్లర పనులన్నీ నేనే సరిజేసినా. ఇంగ దిగులు పడొద్దు, పోయి గెలిసి రాండి" అన్నాడు. అందరం ఆయనకు దండం పెట్టాం.

తనిఖీ చేసిన అధికారి తలనెరిసిన మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. బ్రేకులు చూశాడు, బెల్టులు చూశాడు. నేను రేసు సూటు వేసుకుని నాలుగు సెకన్లలో బయటికి దూకి చూపించాను. మెచ్చుకోలుగా తలూపాడు. తర్వాత వెనక కమాను దగ్గరికి పోయి, రంధ్రం ఎక్కడని అడిగాడు.

"ఎడమ పక్కన, కింద" అన్నాను. ఆ వైపు కూడా చూడలేదు. టిక్కు పెట్టి ఉంది కదా, రంధ్రం ఎక్కడికి పోతుంది?

ఆయన వేలితో తడిమాడు. టార్చి వేశాడు. లేదన్నాడు. నేను పరుగెత్తుకుంటూ పోయి చూశాను. నల్లటి నునుపు తప్ప ఏమీ లేదు. గోటితో గీకాను, తర్వాత ఉప్పుకాగితంతో రుద్దాను. రంగు కింద వెండిలాగా చిన్న చుక్క బయటపడింది. అంత చక్కటి పని ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇంకో చోట రంధ్రం పెడతాం సార్" అన్నాడు కెప్టెన్.

"పెట్టండి, అక్కడి మందం తెలుస్తుంది" అన్నాడు ఆయన. "ఈ చుక్క కింద పైపు పగిలిందా, కాలిందా, మీరేం దాచారా, అది ఎట్లా తెలుస్తుంది? ఈ కమాను మీద కాగితాల్లో లేని వెల్డు ఉండకూడదని మీకు తెలుసు కదమ్మా?"

కామాలు, ఫుల్‌స్టాపులతో సహా తెలుసు. ఆ పేజీని నేనే పసుపు గీత గీసి పెట్టుకున్నాను. కారును బొమ్మగా చూపించుకోవచ్చు గానీ ట్రాకు ఎక్కించడానికి వీల్లేదని రాసి సంతకం పెట్టాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు, కూర్చునేది నేనే, ఆ రూలు నా తల కోసమే పెట్టారు.

రెండు రోజులు మా కారు షామియానా కింద ఎగ్జిబిషన్ బొమ్మలా నిలబడింది. వచ్చినవాళ్లు వెనక ఉబ్బును మెచ్చుకుని ఫోటోలు తీసుకున్నారు. మిగతా కార్లు ట్రాకు మీద తిరుగుతుంటే ఆ చప్పుడు నా పక్కటెముకల్లో వినిపించేది. నాకు ఏడుపొచ్చింది. హెల్మెట్ పెట్టుకుని ఏడ్చాను, దానికి మాత్రం రూలు ఏమీ లేదు. నాకు ఇంకో ఏడాది లేదు, చదువు అయిపోతోంది.

తిరుగు ప్రయాణమంతా మావాళ్లు మామనే తిట్టారు. సదువు రాని మనిషికి కారు ఇస్తే ఇంతే అన్నారు. షెడ్డు మీదికి పోయి అడిగేస్తామన్నారు. వద్దు, నేనే పోతానన్నాను. నేను కూడా కోపంతోనే పోయాను.

మామ ఒక ట్యాంకరు పక్కన సుద్దముక్కతో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది.

"వచ్చినావా పాపా! ఎట్ల ఉరికింది మన బండి?"

"ఉరకలేదు మామా. ఉరకనీలేదు" అన్నాను. "కమానుకు ఒక బొక్క ఉండాది గదా, నువ్వు మూసేసినావే. అది మేం కావాలని పెట్టింది."

"బొక్క కావాలనా?" ఆయనకు నిజంగా అర్థం కాలేదు. "బొక్క ఎవరన్నా కావాలని పెడతారా? ఈ మగపిల్లోళ్లు యాడనో డ్రిల్లు జారిచ్చినారు, పాప కూసునే బండి, ఎట్ల పంపల్ల అనుకోని నిండా మెటల్ పోసినా."

"పైపు లోపల ఎంత మందముందో దాంట్లోనుంచి కొలుస్తారు మామా. పలచటి పైపు ఏసి మోసం చేయకుండా."

సుద్దముక్క ఆయన చేతిలో అట్లాగే ఉండిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

"రెండు మాటలు." గొంతు పెంచలేదు. "నెల దినాలు ఆ డ్రమ్ము మీదనే కూసోని ఆ పుస్తకం సదివితివి గదమ్మా. అంత పొడుగు, ఇంత వంపు అని అన్నీ చెప్తివి. ఈ రెండు మాటలు నాకు చెప్పేదానికి నీకు ఏం అడ్డమొచ్చింది?"

మరిచిపోయాను మామా అన్నాను. ఆయన నమ్మాడు. పోనీలే పాపా, తప్పు నాదేలే, అడగాల్సింది అన్నాడు. ట్యాంకరు వైపు తిరిగి, కళ్లు తుడుచుకుని, చెమ్మ వెతకడం మొదలుపెట్టాడు.

నేను మరిచిపోలేదు. ఆయనకు అర్థం కాదనుకున్నాను.